800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు

2022లో తెలంగాణ పోలీసు నియామక మండలి కానిస్టేబుల్ నోటిఫికేషన్ వేసినప్పుడు మా ఊరి నుంచి ఆడపిల్లలం కొంతమందిమి దరఖాస్తు పెట్టాం. మాది మహబూబాబాద్ జిల్లా, తొర్రూరు దగ్గర. ఆగస్టు 28న ప్రిలిమ్స్ రాశాం, అక్టోబరులో రిజల్ట్ వచ్చింది. క్వాలిఫై అయ్యానని ఇంట్లో సంతోషించింది ఒక్క పూటే. మర్నాటి నుంచే ఈవెంట్స్, అంటే గ్రౌండ్‌లో పెట్టే పరుగు, జంప్, గుండు పరీక్షల టెన్షన్ పట్టుకుంది.

ఆడవాళ్లకు ఆ ఏడాది పెట్టినవి మూడు. 800 మీటర్ల పరుగు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. లాంగ్ జంప్ రెండున్నర మీటర్లు దూకాలి. 4 కిలోల షాట్‌పుట్ గుండును 4 మీటర్లు పడేయాలి. మగవాళ్లకైతే 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, 4 మీటర్ల జంప్, 7.26 కిలోల గుండు 6 మీటర్లు. మొదట పరుగే. అందులో పోతే మిగతావాటి దాకా వెళ్లనే వెళ్లం.

నేను స్కూల్లో ఆటలాడిన పిల్లను కాదు. ఏడో తరగతి తర్వాత గ్రౌండ్‌లో కాలు పెట్టింది లేదు. ఊళ్లో వినపడే మాటంతా ఒకటే: "స్టామినా అనేది పుట్టుకతో రావాలి, ఉన్నోళ్లకుంటది, లేనోళ్లకు లేదు." పెళ్లిళ్లలో కలిసిన చుట్టాలు కూడా అదే అన్నారు. అది శుద్ధ అబద్ధం. ఈ ఒక్క అబద్ధం నమ్మి ప్రిలిమ్స్ గట్టెక్కిన ఆడపిల్లలు ఎంతోమంది గ్రౌండ్ దాకా రాకుండానే ఆగిపోతున్నారు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు లెక్క చూడండి. 5 నిమిషాల 20 సెకన్లంటే 320 సెకన్లు. 800 మీటర్లను అందులో సర్దితే వంద మీటర్లకు 40 సెకన్లు వస్తాయి. గంటకు 9 కిలోమీటర్ల వేగం. బస్సు తప్పిపోతుందేమోనని మనం ఉరికేది ఇంతకంటే ఎక్కువ స్పీడే. అంటే ఆడవాళ్ల పరుగులో పరీక్షించేది వేగాన్ని కాదు, ఆగకుండా ఉండగలరా లేదా అన్నదాన్ని. ఇది నాకు చెప్పింది మా హైస్కూల్లో పనిచేసి రిటైరైన పీఈటీ సార్. కాగితం మీద లెక్క వేసి చూపించాక సగం భయం పోయింది.

అప్పటికి తొర్రూరులో ఒక బ్యాచ్ నడుస్తుండేది. రోజూ తెల్లవారుజామున స్టాప్‌వాచ్ పట్టుకుని 800 మీటర్లు పెట్టించేవాళ్లు. రోజూ రేసే. మొదటి రౌండ్ అందరూ ప్రాణం పెట్టి ఉరికేవాళ్లు, రెండో రౌండ్‌లో నడుం పట్టుకుని నడిచేవాళ్లు. డొక్కలో పోటు, వాంతులు. మర్నాడు మళ్లీ అదే. వారం తిరిగేసరికి ఇద్దరు ముగ్గురు మానేశారు. పరుగెత్తాలన్న పట్టుదల వాళ్లకు తక్కువై కాదు, ఆ పద్ధతే అలాంటిది. రోజూ పరీక్ష పెడితే ఒళ్లు ఎప్పుడు గట్టిపడాలి?

సార్ నన్ను పరుగు పెట్టించకముందు పీహెచ్‌సీకి పంపారు. రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.4 ఉంది. ఆడవాళ్లకు 12 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. నాకు తల తిరగడం లాంటివేమీ లేవు, ఇంట్లో పనీ పొలం పనీ చేస్తూనే ఉన్నాను, అందుకే ఆశ్చర్యపోయాను. సిస్టర్ మాత్రం ఆశ్చర్యపోలేదు. కేంద్రం చేయించిన 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం కంటే ఎక్కువ మందికి రక్తహీనత ఉంది. ఊపిరితిత్తులు ఎంత బాగున్నా, పీల్చిన గాలిలోని ఆక్సిజన్‌ను కండరాల దాకా మోసుకెళ్లాల్సింది హిమోగ్లోబినే. అది తక్కువుంటే రెండు నిమిషాలకే ఆయాసం వస్తుంది. దానికి మనం పెట్టుకున్న పేరు "స్టామినా లేదు" అని. ఎంతమంది ఆడపిల్లలు తమ రక్తంలో ఉన్న లోటును తమ చేతకానితనం అనుకుని ఊరుకున్నారో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

ఆశా అక్క ఐరన్ మాత్రలు తెచ్చిచ్చింది, నులిపురుగుల మాత్ర కూడా వేయించింది. మాత్ర వేసుకున్న గంట సేపు చాయ్ ముట్టొద్దని చెప్పింది. చాయ్ తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదట. మా ఇంట్లో లేవగానే చాయ్, పొలం నుంచి రాగానే చాయ్. అమ్మ కొన్నాళ్లు నొచ్చుకుంది కానీ తర్వాత తనే మాత్రతో పాటు నిమ్మకాయ నీళ్లు కలిపిచ్చేది. పులుపుతో ఐరన్ బాగా పడుతుంది. మలం నల్లగా వస్తే కంగారుపడొద్దని కూడా అక్క ముందే చెప్పి ఉంచింది. అది చెప్పకపోతే భయపడి మానేసేదాన్నేమో. తిండిలో పెద్ద మార్పులేం చేయలేదు. రోజూ గుడ్డు, తోటకూర పప్పు, పల్లీలు బెల్లం, దొరికితే జామకాయ. వేల రూపాయల ప్రోటీన్ పొడి డబ్బాల జోలికి వెళ్లలేదు.

ఇక పరుగు. సార్ మొదటి రోజు చెప్పిన మాట ఇది: "మాట్లాడుకుంట ఉరుకు బిడ్డా. మాట తెగుతుందంటే స్పీడు ఎక్కువైనట్టే." నా పక్కన మా చిన్నాన్న కూతురు ఉరికేది, ఇద్దరం ముచ్చట్లు చెప్పుకుంటూ పోయేవాళ్లం. మొదట రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక. తర్వాత మూడు నిమిషాలు, ఒక నిమిషం నడక. అలా పెంచుకుంటూ పోతే ఇరవై నిమిషాలు ఆగకుండా ఉరకడం వచ్చింది. స్పీడు చూస్తే ఊళ్లోవాళ్లకు నవ్వులాటగా ఉండేది. "గిట్ల ఉరికితే ఉద్యోగమొస్తదా" అన్నవాళ్లు ఉన్నారు. నాన్న మాత్రం రోజూ చీకటితో లేచి, బండి మీద మా వెనకాల వచ్చి గ్రౌండ్ గేటు దగ్గర కూర్చునేవాడు. ఆయన అక్కడ ఉన్నాడు కాబట్టే అమ్మ నిశ్చింతగా పంపింది. ఆడపిల్ల ప్రాక్టీసుకు బూట్ల కంటే ముందు కావాల్సింది ఆ తోడు.

మా హైస్కూల్ గ్రౌండ్‌లో ట్రాక్ లేదు. ఇళ్లు కట్టే మేస్త్రీ దగ్గర టేపు తెచ్చి సార్ కొలిపిస్తే చుట్టూ 200 మీటర్లు వచ్చేలా గీత గీయగలిగాం. ప్రతి 50 మీటర్లకు ఒక వెదురు కర్ర పాతి పాత చీర పేలికలు కట్టాం. ఒక కర్ర నుంచి ఇంకో కర్రకు 18 సెకన్లు. ఇదే మా పాఠం. 16 సెకన్లలో వస్తే తగ్గించమనేవారు, 20 అయితే కొంచెం లాగమనేవారు. 18 చొప్పున 16 ముక్కలు పూర్తయితే 4 నిమిషాల 48 సెకన్లు, అంటే అరనిమిషం చేతిలో ఉంటుంది. వినడానికి తేలికే కానీ, ఒంట్లో బలం నిండుగా ఉన్న మొదటి రెండు మూడు కర్రల దగ్గర కాళ్లను ఆపడం అన్నిటికన్నా కష్టం. చివరి వారాల్లో సార్ చేతి గడియారం తీసేయించారు. కర్ర దగ్గరికి రాగానే ఎన్ని సెకన్లు పట్టిందో మేమే చెప్పాలి. మూడు అడుగులకు ఊపిరి పీల్చడం, మూడు అడుగులకు వదలడం, ఆ లయ పట్టుకుంటే 18 దానంతటదే వస్తోందని మెల్లగా తెలిసింది.

వారంలో మూడు రోజులు నెమ్మది పరుగు, ఒక రోజు కర్రల పరుగు, రెండు రోజులు జంప్, గుండు. ఒక రోజు ఏమీ లేదు. అది పత్తి తీసే కాలం. పొద్దున ప్రాక్టీసు, పగలంతా అమ్మతో చేనులో వంగి పత్తి ఏరడం, సాయంత్రం పుస్తకాలు. నడుం పట్టేసిన రోజున సార్ ఉరకనిచ్చేవారు కాదు. "పని కూడా ఎక్సర్‌సైజే, లెక్కలో రాసుకో" అనేవారు. పీరియడ్స్ మొదటి రోజుల్లో నడక మాత్రమే. మధ్యలో మోకాలి కింద, పిక్క ముందు ఎముక వెంబడి నొప్పి వచ్చింది. సీసీ రోడ్డు మీద, అడుగు అరిగిన బూట్లతో ఉరికేవాళ్లకు ఇది మామూలేనట. కొత్త బూట్లు కొని, రోడ్డు వదిలి మట్టి మీదికి మారి, కొన్నాళ్లు సైకిల్ తొక్కుతూ గడిపితే తగ్గింది. నొప్పి మాత్ర మింగి ఉరికే అలవాటు గ్రౌండ్లలో చాలా ఉంది. అది చాలా ప్రమాదం. ఎముకలో సన్నని పగులు ఉంటే ఆ మాత్ర దాన్ని దాచేస్తుంది.

లాంగ్ జంప్ కోసం ఇల్లు కట్టగా మిగిలిన ఇసుక తెచ్చి గుంట నింపాం. ముందుకు దూకాలనే తొందరలో అందరం నేలబారుగా పోతాం. సార్ గుంట మధ్యలో చిన్న కట్టె అడ్డం పెట్టి దాని పైనుంచి దూకించారు. ఎత్తు వస్తే దూరం దానంతటదే వచ్చింది. ఇంకో సంగతి, ఇసుకలో పడ్డాక చేయి వెనక్కి ఆనిస్తే అక్కడి నుంచే కొలుస్తారు. కాబట్టి ముందుకు తూలడం కూడా నేర్చుకోవాలి.

గుండు మాత్రం నన్ను బాగా ఏడిపించింది. 4 కిలోలు చేతికి ఏమంత బరువనిపించదు, కానీ రాయి విసిరినట్టు విసిరితే భుజం లాగేస్తుంది, దూరమూ పోదు. అరచేతిలో కాకుండా వేళ్ల మొదళ్ల మీద నిలబెట్టి, దవడ కింద మెడకు ఆనించి, మోకాళ్లు వంచి లేస్తూ నెట్టాలి. బలం కాళ్లలోంచి రావాలి. ఇది చెప్తే అర్థమవుతుంది, ఒంటికి పట్టేసరికి చాలా రోజులు పడుతుంది. వేశాక సర్కిల్ ముందు నుంచి బయటికి వస్తే ఫౌల్, వెనక సగం నుంచే రావాలి. ఎంత బాగా పడ్డా ఆ ఒక్క అడుగుతో పోయినవాళ్లున్నారు.

డిసెంబరు 8 నుంచి రాష్ట్రమంతా ఈవెంట్స్ మొదలయ్యాయి. నాకు హనుమకొండలో పడింది. ముందు రోజు సాయంత్రమే పెద్దమ్మ ఇంటికి చేరుకున్నాం. తెల్లవారుజామున రెండు అరటిపండ్లు, కొన్ని నీళ్లు, అంతే. గ్రౌండ్‌లో సర్టిఫికెట్లు చూసి బ్యాచ్‌లు చేశారు. టైమ్ మనుషులు కాదు, చిప్‌తో మిషనే నమోదు చేస్తుంది కాబట్టి ఎవరి దయా అవసరం లేదు. అది నాకు చాలా ధైర్యమిచ్చింది.

విజిల్ పడగానే బ్యాచ్ మొత్తం ఒక్కసారి ఎగిరి పోయింది. మొదటి మలుపు తిరిగేసరికి నా వెనక ముగ్గురో నలుగురో ఉన్నారు. కాళ్లు వాళ్లతో పోతామని లాగుతున్నాయి. నేను అడుగులు లెక్కపెట్టుకుంటూ ఊపిరి లయే చూసుకున్నాను. మొదటి రౌండ్ చివర్లో కొందరు నెమ్మదించడం కనిపించింది. రెండో రౌండ్ సగంలో నడుస్తున్నవాళ్లను దాటుకుంటూ పోయాను. "అక్కా, ఆగకు, నా వెంట రా" అని ఒక పిల్లను పిలిచాను. ఆ పిల్ల నిజంగానే మళ్లీ అందుకుంది. అప్పుడు మాట్లాడగలిగాను కాబట్టి నా స్పీడు సరిగ్గానే ఉందని అర్థమై, చివరి వంద మీటర్లు గట్టిగా లాగాను. 4 నిమిషాల 41 సెకన్లు. ఆ పిల్ల కూడా టైమ్‌లోపే వచ్చింది, గీత దాటాక ఇద్దరం పట్టుకుని ఏడ్చాం.

తర్వాత ఎత్తు కొలిచారు. ఆడవాళ్లకు 152.5 సెంటీమీటర్లు ఉండాలి. అంత కష్టపడి పరుగు గెలిచిన ఒకమ్మాయి అక్కడ ఒక్క సెంటీమీటరు కూడా కాని తేడాతో పోయింది. ఆమె ముఖం చూడలేకపోయాను. ఫిబ్రవరిలో హైకోర్టు ఆదేశాలతో, సెంటీమీటరు లోపు తేడాతో పోయినవాళ్లకు మళ్లీ కొలిపించుకునే అవకాశం వచ్చిందని పేపర్లో చదివినప్పుడు మొదట గుర్తొచ్చింది ఆమే.

జంప్ రెండో ఛాన్స్‌లో దాటాను. గుండు మొదటిసారి 4 మీటర్లకు కొంచెం ఇవతల పడింది. చేతులు చల్లబడి ఉన్నాయని పక్కకెళ్లి బాగా రుద్దుకుని, మోకాళ్లు ఇంకాస్త వంచి లేచి నెట్టాను. టేపు పట్టుకున్న మేడమ్ "ఫోర్ ట్వంటీ, క్వాలిఫై" అన్నారు. వెనక నుంచి బయటికి వచ్చి సంతకం పెట్టాను. గేటు బయట నాన్న, పీఈటీ సార్ ఇద్దరూ నిలబడి ఉన్నారు. సార్ అడిగింది ఒకటే: "రెండో రౌండ్‌ల మాట వచ్చిందా బిడ్డా?" వచ్చిందన్నాను.

ఫైనల్ రాత పరీక్ష 2023 ఏప్రిల్ 30న పడింది. అప్పటిదాకా రోజుకు ఎనిమిది గంటలు కూర్చుని చదవడానికి కూడా పొద్దున్నే ఆ ఇరవై నిమిషాల నెమ్మది పరుగే ఆసరా అయింది. ఐరన్ మాత్రలు సిస్టర్ చెప్పినన్నాళ్లు వాడి మళ్లీ పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 12 దాటింది. ఈసారి మా చిన్నాన్న కూతురు, అమ్మ కూడా నాతో పాటే పరీక్ష చేయించుకున్నారు. అమ్మకు 8.9 వచ్చింది. ఇప్పుడు తనకు కూడా నిమ్మకాయ నీళ్లు నేనే కలిపిస్తున్నాను.