చేతులు వెనక్కి కట్టుకుని

మా బడిలో స్కౌట్ మాస్టర్‌గా ఉన్న వ్యాయామ ఉపాధ్యాయుడు బదిలీ మీద వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నెల తిరక్కుండానే హెడ్మాస్టరు గారు ఒకరోజు స్టాఫ్ రూములోకి వచ్చి నింపాదిగా చుట్టూ చూశారు. సంగతి పసిగట్టిన ముగ్గురు వెంటనే తలలు దించి నోటు పుస్తకాలు దిద్దడం మొదలుపెట్టారు. నేను టీ తాగుతూ దొరికిపోయాను. "లెక్కల్లో చిక్కుముడులు విప్పేవారు మీరు. తాడు ముడులు మీకొక లెక్కా?" అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే నా అంగీకారం కూడా రాసేసుకున్నారు.

అప్పటికి నాకు 43 ఏళ్ళు. చీరాల వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. చిన్నప్పుడు నేను స్కౌటుగా చేరలేదు. పంద్రాగస్టున మెడలో స్కార్ఫు వేసుకుని అతిథులకు మంచినీళ్ళు అందించే పిల్లలే స్కౌట్లని నా అవగాహన. జీతంలో పైసా కలవదు, ఆదివారాలు మాత్రం పోతాయని మా ఆవిడ ఆ సాయంత్రమే లెక్క తేల్చేసింది. ఆమె లెక్క తప్పలేదు.

మా సాంఘిక శాస్త్రం మాస్టారిది వేరే అభ్యంతరం. తెల్లదొర సైన్యాధికారి మొదలుపెట్టిన పని మన పిల్లలకెందుకని. బేడెన్ పవెల్ 1907లో ఇంగ్లండులోని బ్రౌన్సీ దీవికి ఇరవై మంది పిల్లలను తీసుకెళ్ళి డేరాలు వేయించడంతో ఇది మొదలైన మాట నిజమే. ఇక్కడికి వచ్చిన కొత్తలో భారతీయ పిల్లలను చేర్చుకోని మాటా నిజమే. అందుకే మద్రాసులో అనీ బిసెంట్ మన పిల్లల కోసం వేరే సంఘం పెట్టింది, ఉత్తరాదిన మదన్ మోహన్ మాలవీయ వంటివారు సేవాసమితి స్కౌట్లను తయారుచేశారు. ఆ పాయలు చాలావరకు కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది. "చీరాలలో పుట్టి మీరు ఈ మాట అనకూడదు మాస్టారూ" అన్నాను. 1921లో మున్సిపాలిటీ పన్నులకు ఎదురుతిరిగి చీరాల పేరాల జనం ఇళ్ళు వదిలి ఊరి బయట పాకలు వేసుకున్నప్పుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి రామదండు వాలంటీర్లు చేసింది ఏమిటి? పదకొండు నెలలు ఆ పాకల ఊరిని నడపడానికి క్రమశిక్షణ గల చేతులు కావలసి వచ్చాయి కదా. ఆయన ఒప్పుకోలేదు గానీ, టీ మాత్రం ఆయనే పోయించారు.

పిల్లల్ని చేర్చుకోవాలంటే ముందు మనం నేర్చుకోవాలి. స్కౌట్ మాస్టర్ బేసిక్ కోర్సు ఏడు రోజులు, అక్కడే బస. ఉక్కు బూడిదరంగు చొక్కా, ముదురు నీలం ప్యాంటు కుట్టించుకున్నాను. నెత్తిన బెరే టోపీ ఎటు వంచాలో తెలియక మొదటిరోజు ఇడ్లీ మీద మూతలా పెట్టుకుని వెళ్ళాను.

డిసెంబరు చలిలో ఒక మామిడితోటలో శిబిరం. ముప్పై మంది ఉపాధ్యాయులం. కోర్సు నడిపే పెద్దాయనను అక్కడ ఎల్.ఓ.సి. అంటారు, లీడర్ ఆఫ్ ద కోర్స్ అని. ఆ పేరు విని మాకు సరిహద్దు గుర్తొచ్చింది. రెండు రోజులు గడిచేసరికి పోలిక మరీ అంత తప్పు కాదనిపించింది. మొదటి ఉదయం ఆయన వరసగా వచ్చి ఒక్కొక్కరికీ ఎడమ చెయ్యి చాచారు. నా పక్కన ఉన్నాయన 56 ఏళ్ళ హిందీ పండితుడు, నిష్ఠాపరుడు. ఎడమ చేత్తో పెన్ను అందించినా పుచ్చుకోని మనిషి. ఆ చెయ్యి వంక చూసి గబుక్కున నమస్కారం పెట్టేశారు. ఎల్.ఓ.సి. గారు నవ్వి, కథ చెప్పారు. పశ్చిమాఫ్రికాలో అశాంతి యోధులు ఎదుటివాడి మీద నమ్మకం చూపడానికి ఎడమ చేతిలోని డాలు దించి ఆ చెయ్యే ఇస్తారట. డాలు దించడమంటే నువ్వు నన్ను పొడవవని నమ్మడం. పండితుడు గారు కాసేపు ఆలోచించి, "అయితే ఇవ్వవచ్చును" అని గ్రాంథికంలో అనుమతించారు.

మమ్మల్ని పెట్రోళ్ళుగా విడగొట్టారు. పెట్రోల్ అంటే ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లల జట్టు, దానికొక నాయకుడు. స్కౌటు పద్ధతి మొత్తం దీని మీదే నిలబడుతుంది. అక్కడ మేమే ఆ పిల్లలం. ఉదయం అయిదింటికి విజిల్, తల నుంచి పాదాల దాకా బి.పి. (బేడెన్ పవెల్) ఆరు వ్యాయామాలు, ఆ తర్వాత తనిఖీ. డేరా ముందు చిన్న కాగితం ముక్క కనిపించినా మార్కు పోయేది. పాతికేళ్ళుగా పిల్లలకు మార్కులు కోసినవాళ్ళం, అర మార్కు కోసం పెట్రోళ్ళ మధ్య గొడవపడ్డాం. ఒక్క మేకు కొట్టకుండా సరుగుడు కర్రలను తాడుతో బిగించి చెప్పుల స్టాండు, కంచాల స్టాండు కట్టాలి. మా మొదటి స్టాండు మీద చెప్పులు పెట్టగానే అది నమస్కారం చేసినట్టు ముందుకు వాలింది.

ముడుల సంగతి చెప్పాలి. రీఫ్ ముడి సులువు. కుడి మీద ఎడమ, ఎడమ మీద కుడి. క్లోవ్ హిచ్ మాత్రం నాకు లొంగలేదు. కోర్సు తర్వాత ఇంటికొచ్చి కుర్చీ కాలికి అదే పనిగా వేస్తూ కూర్చుంటే మా నాన్న చూసి, "దీనికి ఏడు రోజులు పట్టిందా?" అన్నాడు. నా చేతిలోంచి తాడు తీసుకుని రెండు మెలికలు వేసి లాగాడు. గుంజకు గేదెను కట్టే ముడి. పలుపు చేత పట్టిన ప్రతివాడికీ వచ్చినదే. తర్వాత పిల్లలతోనూ ఇదే జరిగింది. లావుతాడుకూ సన్నతాడుకూ అతుకు వేసే షీట్ బెండ్ నేను బోర్డు మీద బొమ్మ గీసి వివరిస్తుంటే, మగ్గం ఇంటి పిల్లవాడొకడు వెనక బెంచీలో అప్పటికే వేసేశాడు. తెగిన పోగు అతకడానికి వాళ్ళమ్మ రోజూ వేసే ముడేనట. ఆ రోజు నుంచి ముడుల పాఠం వాడికే అప్పగించాను. తరగతిలో లెక్కకు పిలిస్తే నేల చూపులు చూసేవాడు, తాడు చేతికిస్తే పెద్ద పిల్లలను కూడా "సరిగ్గా పట్టుకో" అని గదమాయించేవాడు.

కోర్సు మూడోరోజు మా మీద ఒక పరీక్ష పెట్టారు. పక్క ఊరి బడి నుంచి పదిమంది పిల్లలను తెచ్చి డేరా వేయించమన్నారు. నాకు అప్పగించిన జట్టు తాళ్ళు తలకిందులుగా కడుతోంది. చూస్తూ ఊరుకోలేక నేనే వెళ్ళి బిగించేశాను. అయిదు నిమిషాల్లో డేరా లేచింది. సంతోషంగా తిరిగి చూస్తే ఎల్.ఓ.సి. గారు. "బాగుందండీ. మీరు డేరా వేయగలరని తెలిసింది. వాళ్ళు వేయగలరో లేదో ఎప్పుడు తెలుస్తుంది?" అని, నా రెండు చేతులూ పట్టుకుని వెనక్కి కట్టించారు. "ఇంకో పావుగంట ఇలాగే ఉండండి. నోరు కూడా."

ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నా నోరు పావుగంట మూతపడడం అదే మొదటిసారి. చెయ్యి దురద, నాలుక దురద. పిల్లలు రెండుసార్లు పడగొట్టుకున్నారు. ఒకడు ఇంకొకడిని తిట్టాడు. మూడోసారి వాళ్ళలో చిన్నవాడు, మాట లేకుండా, ముందు మూలలు నాలుగూ బిగిద్దామని వేలితో చూపించాడు. డేరా కొంచెం వంకరగానే లేచింది. నేను కట్టినది అంతకన్నా తిన్నగా ఉంది. కానీ నేను కట్టినదాని ముందు ఏ పిల్లవాడూ నిలబడి ఫోటో తీయమనలేదు.

తిరిగి వచ్చాక పిల్లలను చేర్చడం అనుకున్నంత తేలిక కాలేదు. తల్లిదండ్రులు అడిగేది ఒకటే: దీనివల్ల మార్కులు వస్తాయా? ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ, తృతీయ, ఆపైన రాజ్య పురస్కార్, రాష్ట్రపతి అవార్డు అని మెట్లు వివరిస్తే ఆవలించారు. రైల్వే ఉద్యోగాల్లో స్కౌట్లకు కోటా ఉందనగానే నిటారుగా కూర్చున్నారు. ఉద్యోగం ఆశ చూపి పిల్లలను చేర్చడం నాకు నచ్చలేదు. అయినా చూపించాను. 24 మంది వచ్చారు, మూడు పెట్రోళ్ళు. యూనిట్ నమోదు కాగితాలు ఒక ఆఫీసులో రెండుసార్లు కనబడకుండా పోయాయి. మూడోసారి జిరాక్సులు నాలుగు పెట్టుకుని వెళ్ళాను. సిద్ధంగా ఉండు అన్నది స్కౌటు నినాదమే కదా.

అమ్మాయిలు పద్నాలుగు మంది వచ్చి అడిగారు. వాళ్ళ విభాగం గైడ్స్, దానికి మహిళా నాయకురాలు కావాలి. తెలుగు టీచరు గారిని బతిమాలి గైడ్ కెప్టెన్ కోర్సుకు పంపడానికి ఒక ఏడాది పట్టింది. ఆవిడ వచ్చాక మా ఇద్దరికీ ఒక నియమం పెట్టుకున్నాం: పెద్దవాళ్ళలో ఎవరూ ఒక్క పిల్లతోగానీ పిల్లవాడితోగానీ నలుగురి కంటికీ కనబడని చోట ఒంటరిగా ఉండకూడదు. ప్రపంచ స్కౌటు సంస్థ 'సేఫ్ ఫ్రమ్ హార్మ్' పేరుతో చెప్పే పాఠాల సారం కూడా అదే. మన దగ్గర "మాస్టారు కదా, పరవాలేదు" అనే అలవాటు ఉంది. పరవాలేదనుకోవడం పిల్లలకు మంచిది కాదు, మాస్టారికీ మంచిది కాదు.

రోజుకొక మంచి పని చేసి పుస్తకంలో రాయమంటే ఒకడు ఇరవై అయిదు రోజులు "అమ్మకు నీళ్ళు పట్టాను" అని రాశాడు. నిలదీస్తే, "మాకు రోజూ నీళ్ళు రావాలి కదా సార్" అన్నాడు. ఏమీ అనలేకపోయాను.

నాకు బాగా తల కొట్టేసినట్టయింది మాత్రం ఫిబ్రవరి 22న, బేడెన్ పవెల్ పుట్టినరోజున. స్కౌటు జెండా, ముదురు నీలం మీద పసుపు చిహ్నం, ఎగరేయాలి. ఈ జెండాను పొడవుగా మడిచి, సన్నగా చుట్టి, మధ్యలో పూలరేకులు పెట్టి, తాడును చుట్టూ తిప్పి చివరి మెలికను లోపలికి దోపి వదిలేయాలి. పైకి వెళ్ళాక ఒక్క గుంజు గుంజితే విచ్చుకుంటుంది. కిటుకంతా ముడి వేయకపోవడంలోనే ఉంది. మధ్యలో ఊడిపోతుందేమోనన్న భయంతో నేను చివర చిన్న ముడి వేశాను. హెడ్మాస్టరు గారు గుంజారు. మళ్ళీ గుంజారు. ఆయన తర్వాత సర్పంచి గుంజారు. పొట్లం కట్టిన జెండా కింద మేమంతా శాల్యూట్ చేస్తూ నిలబడ్డాం. చివరికి దించి విప్పితే రేకులన్నీ నా చెప్పుల మీద రాలాయి. మరుసటి ఏడాది నుంచి జెండా కట్టే పని పిల్లలది.

ఆ డిసెంబరులో చీరాల దగ్గర సముద్రపొడ్డున ఉన్న ఓడరేవు అనే ఊరికి శిబిరం వెళ్ళాం. బడి నుంచి ఏడు కిలోమీటర్ల నడక. ఒక పెట్రోల్ ముందు వెళ్ళి రాళ్ళతో, కొమ్మలతో బాణం గుర్తులు పెడుతూ పోయింది, మిగిలినవాళ్ళు వాటిని పట్టుకుని వెళ్ళారు. చివర వలయం, దాని మధ్యలో చుక్క: నేను ఇంటికి చేరాను అని. కెన్యాలో బేడెన్ పవెల్ సమాధి రాయి మీద ఉన్న గుర్తు ఇదేనని చెబితే పిల్లలు కాసేపు మెదలకుండా ఉండి, తర్వాత ఇసుకలో ఆ గుర్తును పదడుగుల వెడల్పున గీశారు.

సముద్రం దగ్గర మాత్రం నేను చేతులు వెనక్కి కట్టుకోలేదు. ఆ తీరంలో అలలు నవ్వుతూనే లాక్కుపోతాయి. ఊరి జాలరి పెద్దాయన ఒకరిని బతిమాలి తోడు తెచ్చుకున్నాను, గీత గీసి, మెడలో విజిల్, చేతిలో పొడవాటి తాడుతో దాని మీదే నిలబడ్డాను. మోకాలు లోతు దాటితే శిబిరం రద్దు. ఆ గంటసేపు పెట్రోల్ నాయకత్వం, పిల్లల స్వేచ్ఛ లాంటివేవీ నాకు గుర్తులేవు.

సాయంత్రం డేరాలు వేస్తుంటే ఇసుకలో మేకులు నిలవలేదు. కొట్టడం, ఊడిరావడం. నేను చేతులు వెనక్కి కట్టుకుని పళ్ళు బిగబట్టుకున్నాను. జాలరి ఇంటి పిల్లవాడొకడు సరుగుడు కర్రను అడ్డంగా పడుకోబెట్టి, దానికి తాడు కట్టి, మూరెడు లోతు గుంటలో పూడ్చి పైన తొక్కాడు. గాలి వీచినా డేరా కదల్లేదు. ఏ శిక్షణలో నేర్చుకున్నావని అడిగితే, "వల తాళ్ళు ఇలాగే కదా సార్ కడతాం" అన్నాడు. అమ్మాయిలకు రాత్రి బస ఊరి బడి గదుల్లో, టీచరు గారూ తోడుగా వచ్చిన మరొకావిడా వాళ్ళతో. వంట మాత్రం అందరిదీ ఒకేచోట.

ఎండు సరుగుడాకు గుప్పున అంటుకుని అంతే గుప్పున ఆరిపోతుంది. పొయ్యి మూడుసార్లు ఆరింది. గిన్నె మీద మూత లేదు, అత్తెసరు లెక్క ఎవరికీ తెలియదు. నేను నాలుగడుగుల దూరంలో నిలబడి, నోరు మూసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నాను. శిక్షణలో నేర్పినట్టు తుచ తప్పకుండా. మగ్గం ఇంటి పిల్లవాడు ఇప్పుడు పెట్రోల్ నాయకుడు. గరిటె పట్టుకుని వచ్చాడు.

"సార్, మీరు అటు వెళ్ళి కూర్చోండి. మీరలా నిలబడి చూస్తుంటే మాకు చేతులు ఆడటం లేదు."

వెళ్ళి బోర్లించిన పడవ మీద జాలరి పెద్దాయన పక్కన కూర్చున్నాను. ఆయన చుట్ట కాల్చుకుంటూ, "పిల్లలు మీ మాట వింటారా?" అని అడిగాడు. నవ్వి ఊరుకున్నాను.

ఎనిమిదింటికి భోజనానికి పిలుపొచ్చింది. పైన పలుకు, అడుగున మాడు, మధ్యలో మాత్రం అన్నం. మధ్యది పిల్లలు పంచుకున్నారు, నాకూ తెలుగు టీచరు గారికీ మర్యాదగా మాడు వడ్డించారు. పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయారు. పక్కనే అంత సముద్రం పెట్టుకుని కూడా ఆ మాట ఎవరూ ఎత్తలేదు.