కోదాడలో ఒక లారీ, ఖైరతాబాద్‌లో ఒక లారీ

ఇంగ్లీషు సినిమా కోసం రాత్రి బస్సెక్కి హైదరాబాద్ వెళ్లానంటే మా నాన్న ఇప్పటికీ నమ్మడు. మాది బెజవాడ గాంధీనగర్. మెట్లు దిగి ఎటు తిరిగినా సినిమా హాలే. అవన్నీ వదిలేసి 270 కిలోమీటర్లు పోయి గబ్బిలం వేషగాణ్ణి చూడాలా! కానీ మా బావమరిది వింటేగా. "టికెట్లు తీసేశాను బావా, ఇక నీ ఇష్టం" అని ఫోను పెట్టేశాడు.

2008 జూలై సంగతి. సినిమా 'ది డార్క్ నైట్'. 18న వచ్చింది, మాకు దొరికింది రెండో ఆదివారం. మొదటి భాగం 2005లో వచ్చిన 'బ్యాట్‌మ్యాన్ బిగిన్స్'. అప్పుడూ వీడే సీడీ తెచ్చి కూర్చోబెట్టాడు. హీరో మంచుకొండల్లో కత్తిసాము నేర్చుకుంటుంటే నాకు నిద్ర పట్టింది, లేచేసరికి ఊరంతా పొగ. దాని రెండో భాగం మీద నాకేం ఆశలుంటాయి?

పది గంటలకన్న ప్రైవేటు బస్సు భవానీపురం దాటేసరికి పదకొండున్నర. ఏసీకని డబ్బు తీసుకున్నారు కదా, ఏదీ అంటే క్లీనర్ కిటికీ వైపు చూపించి, "వాన పడతా ఉందిగా సార్, చల్లగానే ఉందిగా" అన్నాడు. దానికేం చెప్తాం!

అప్పటికింకా నాలుగు లైన్ల రోడ్డు లేదు. ఎదురొచ్చే బండి లైటు సూటిగా మొహాన కొట్టేది. కోదాడ దాటిన కాసేపటికి బస్సు ఆగింది. ఇంజను కూడా ఆపేశారు. దాంతో పక్క సీటాయన ఉలిక్కిపడి లేచాడు. యాభై ఏళ్లుంటాయి, లారీ డ్రైవరు, హయత్‌నగర్‌లో బండెక్కాలట. "ఇంజను సౌండు లేకపోతే నాకు నిద్ర పట్టదు సార్" అని చెప్పులేసుకున్నాడు. నేనూ దిగాను.

సిమెంటు లారీ. రోడ్డుకి అడ్డంగా, అలిసిపోయిన గేదెలా పక్కకి ఒరిగి పడుకుంది. డ్రైవరుకి మోచెయ్యి దోక్కుపోయిందంతే. పగిలిన బస్తాల మీద వాన పడి బూడిదరంగు జావలా కారుతోంది. దాని క్లీనర్ కుర్రాడు టార్పాలిన్ ముక్క నెత్తినేసుకుని, మిగిలిన బస్తాలకి కాపలాగా గొంతుక్కూచున్నాడు. మా పక్క సీటాయన తిన్నగా లారీ అడుగు వైపుకి పోయి, ఇనప స్ప్రింగు కట్టల మీద చెయ్యి పెట్టి తడిమాడు. నా చెయ్యి కూడా పట్టుకుని అక్కడ పెట్టాడు.

"ఇదిగో, కట్ట విరిగింది. మలుపులో లోడు ఒక పక్కకి జరిగింది. ఇంకేం ఆగుద్ది?"

"ముందుకి పల్టీ కొట్టిందేమో అనుకున్నానండీ."

ఆయన నవ్విన నవ్వు నాకు గుర్తే. "ఎన్ని టన్నులుంటదనుకున్నారు? లారీ పక్కకి పడుకుంటది సార్. పిల్లిమొగ్గలెయ్యదు."

మూడు గంటలు అక్కడే. ఎక్కణ్ణుంచి వచ్చాడో ఒక కుర్రాడు, ఫ్లాస్కుతో దిగి, మూడు రూపాయల టీ పది రూపాయలకి అమ్మాడు. రెండు తాగాను.

హైదరాబాద్‌లో ఆ పగలంతా ఏం చేశానో గుర్తులేదు, నిద్రపోయి ఉంటాను. సాయంత్రం లక్డీకాపూల్ నుంచి ఆటోవాడు అడిగిన రేటుకి మా ఊళ్లో కనకదుర్గమ్మ గుడికి రెండుసార్లు పోయి రావచ్చు. ఖైరతాబాద్ దగ్గరి ప్రసాద్స్ ఐమాక్స్ హాల్లో తెర 72 అడుగుల ఎత్తు, 95 అడుగుల వెడల్పు అని మావాడు దారంతా చెబుతూనే ఉన్నాడు. మా పక్కింటి ఐదంతస్తుల అపార్టుమెంటు తెచ్చి నిలబెట్టినా పైన ఇంకా జాగా మిగులుతుందని లెక్క తేలింది. (ఐమాక్స్ అన్న పేరు తర్వాత పోయింది గానీ జనం నోట్లో అది ఇప్పటికీ ఐమాక్సే.)

మొదటి షాట్‌లోనే అద్దాల మేడ ఒకటి మన మీదికి వచ్చి, దాని కిటికీ బద్దలైంది. బ్యాంకు దోపిడీ. బొమ్మ కాళ్ల దగ్గర్నుంచి పైకప్పు దాకా ఉంది. కొన్ని సీన్లు ఇలాంటి పెద్ద తెరల కోసమే ఉన్న ఐమాక్స్ కెమెరాతో తీశారట, అవి వచ్చినప్పుడల్లా బొమ్మ తెరంతా నిండేది, అయిపోగానే మళ్లీ పట్టీలా చిక్కిపోయేది. విలన్ జోకర్ మాట్లాడుతూ మాట్లాడుతూ నాలికతో పెదాలు తడుపుకుంటాడు, పుండు ఇంకా మాననట్టు. పెన్సిల్ మాయం చేస్తానన్నప్పుడు హాలంతా నవ్వింది. మరుక్షణం ఎవరూ నవ్వలేదు. "ఇతను జనవరిలో పోయాడు బావా, ఇరవై ఎనిమిదేళ్లు" అన్నాడు మావాడు మెల్లిగా. జోకర్ వేషం వేసిన హీత్ లెడ్జర్ పేరు నేను వినడం అదే మొదలు.

ఆ తర్వాత లారీ. మన సిమెంటు లారీకి రెండింతలు పొడవు, పద్దెనిమిది చక్రాలది. రాత్రి, ఖాళీ వీధి, ఇనప తాడు బిగిసింది. వెనక భాగం నిలువునా లేచి, ముక్కు మీద నిలబడి, అవతలకి తిరగబడింది. నిజంగా పిల్లిమొగ్గే. నేను లేచి నిలబడ్డానని వెనకాయన "కూర్చోండి సార్" అనేదాకా తెలియలేదు. అది షికాగోలో లసాల్ స్ట్రీట్‌లో, నిజం ట్రక్కునే కింద పిస్టన్ పెట్టి ఎగరేసి తీశారని తర్వాత చదివాను. గ్రాఫిక్స్ అయితే నాకు అలా అయ్యేది కాదేమో. ముందురాత్రే ఆ ఇనుము మీద చెయ్యేసి వచ్చినవాణ్ణి.

లోపాల్లేవని కాదు. గొంతు పట్టేసినట్టు బ్యాట్‌మ్యాన్ మాట్లాడుతుంటే మావాడికి కూడా నవ్వాగలేదు. 152 నిమిషాల్లో చివరి అరగంట కొంచెం గజిబిజి. కానీ ఒకదాన్నొకటి పేల్చే మీటలున్న రెండు పడవల సీనులో ఎవరు మీట నొక్కుతారో నాకు అంతు పట్టలేదు. ఆఖర్న చెయ్యని హత్యల నింద నెత్తినేసుకుని హీరో పారిపోతుంటే జనం చప్పట్లు కొట్టారు. పారిపోయే హీరోకి చప్పట్లు నేనెప్పుడూ వినలేదు.

సోమవారం పొద్దున ఆర్టీసీ బస్సులో తిరుగు ప్రయాణం. సూర్యాపేట దాటినప్పటి నుంచీ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. కోదాడ ఇంకా రాకముందే ఆ చోటు కనిపించింది. లారీని ఎత్తుకుపోయారు. తడిసిన బస్తాలు మాత్రం రోడ్డు పక్కన గట్టిపడి, దిండ్లు పేర్చినట్టు ఉన్నాయి. సగం లేచి చూస్తుంటే ముందు సీటు పెద్దావిడ తిరిగి, "ఎవరన్నా పోయారా నాయనా?" అంది.

"లేదండీ. పక్కకి పడుకుంది, అంతే."