పాత సెల్స్, మిగిలిన రంగు: ఏది ఎలా వదిలించుకోవాలి

పండక్కి ఇల్లు దులిపి రంగులు వేయించాక రెండు రకాల సరుకు మూలన చేరుతుంది. సొరుగుల్లోంచి తీసిన రిమోట్ సెల్స్, టార్చిలైట్ బ్యాటరీలు ఒకవైపు, అడుగున కాస్త రంగు మిగిలిన డబ్బాలు ఇంకోవైపు. చాలా ఇళ్లలో రెండూ ఒకే సంచిలో చెత్త బండి ఎక్కేస్తాయి. కానీ వీటికి చేయాల్సింది పూర్తిగా వేరు. సెల్‌లో ఉన్న లోహాన్ని ఇంట్లో మనం ఏమీ చేయలేం, సరైన చేతికి అప్పగించాల్సిందే. రంగు మాత్రం ద్రవంగా ఉన్నప్పుడే మురుగులోకి, భూమిలోకి దిగుతుంది. దాన్ని వాడేయాలి, లేదంటే ఎండబెట్టాలి.

ముందు సెల్స్ సంగతి. బొమ్మలో, కెమెరాలో పనిచేయని 1.5 వోల్టుల సెల్ చాలాసార్లు గోడ గడియారాన్ని ఇంకా నెలలు నడుపుతుంది. వోల్టేజీ కొలిచే మల్టీమీటర్‌లో 1.2 పైన చూపిస్తే అటు మార్చండి, 1.0 కంటే తక్కువైతే తీసేయండి. పాతదీ కొత్తదీ జతగా వేయకండి. బలహీనమైన సెల్ ముందే ఖాళీ అయిపోతుంది, రెండోది దానిలోంచి కరెంటును ఉల్టాగా తోస్తుంది, దాంతో అది కారుతుంది. ఆల్కలైన్ సెల్ చుట్టూ కనిపించే తెల్ల పొడి కారిన క్షారమే. చేతికి తొడుగు వేసుకుని, దూదిని వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో తడిపి తుడిస్తే పోతుంది.

తీసేసిన సెల్స్‌ను మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, పొడి చోట దాచండి. రేకు డబ్బా వద్దు, కొసలు తగిలి షార్ట్ అవుతాయి. 9 వోల్టుల బ్యాటరీకి రెండు కొసలూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి వాటి మీద టేపు తప్పనిసరి. బటన్ సెల్స్‌కు రెండువైపులా టేపు చుట్టి, పిల్లలకు అందని చోట పెట్టండి. బిడ్డ మింగితే రెండు గంటల్లోనే ఆహార నాళం కాలిపోవచ్చు, క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఉబ్బిన ఫోన్ బ్యాటరీ, పవర్ బ్యాంకు ఈ డబ్బాలో కలపకూడదు. గుచ్చకండి, నొక్కకండి, ఛార్జింగ్ పెట్టకండి. పొడి ఇసుక పోసిన మట్టి కుండీలో పెట్టి, ఇంటి బయట నీడలో ఉంచి, వీలైనంత త్వరగా ఈ-వేస్ట్ (ఎలక్ట్రానిక్ చెత్త) తీసుకునేవారికి ఇవ్వండి. ఇలాంటిది చెత్త లారీలో నలిగితే లోపల మంట పుడుతుంది, ఆ బండి మీద పనిచేసేవాళ్ల ప్రాణం మీదికొస్తుంది.

మన దేశంలో 2001 నాటి బ్యాటరీ నిబంధనలు సీసం బ్యాటరీలకే పరిమితం. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చిన్న సెల్స్‌తో సహా అన్నిటినీ వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదార్ల మీద పెట్టాయి. కొట్టివేసిన చెత్తబుట్ట గుర్తు బ్యాటరీ మీద ఉండేది అందుకే. ఆచరణలో మాత్రం చిన్న సెల్‌కు పాత సామాన్ల కాంటా దగ్గర ధర పలకదు. అందుకే పెద్ద ఎలక్ట్రానిక్స్ షాపుల్లోని ఈ-వేస్ట్ పెట్టెలు, మున్సిపాలిటీ సేకరణ కేంద్రాల గురించి ముందే ఫోన్ చేసి, సెల్స్ తీసుకుంటారా అని స్పష్టంగా అడగండి.

ఇన్వర్టర్ బ్యాటరీ ఇందుకు పూర్తిగా విరుద్ధం, దానికి ధర ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువే. బరువులో సగానికి పైగా సీసం. వీధిలో కొనేవాళ్ల నుంచి అది పెంకు పగలగొట్టి, ఆసిడ్ కాలువలో పారబోసి, సీసాన్ని బహిరంగ పొయ్యిలో కరిగించే చోటికి చేరవచ్చు. ఆ ధూళి పిల్లల మెదడుకు చేటు. నాలుగు వందలు తక్కువొచ్చినా కొత్త బ్యాటరీ కొన్న డీలర్‌కే ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చి, బిల్లులో రాయించుకోండి. నిటారుగానే మోయించాలి. ఆసిడ్ ఒలికితే బుస ఆగేదాకా తినే సోడా చల్లాలి.

ఇక రంగు. మిగలకుండా కొనడమే అన్నిటికంటే మంచి పద్ధతి. 10×12 అడుగుల గది, 10 అడుగుల ఎత్తు అంటే గోడలు 440 చదరపు అడుగులు. తలుపు, కిటికీ తీసేస్తే 400. డబ్బా మీద ఒక కోటుకు లీటరుకు 140 చదరపు అడుగులని ఉంటే, రెండుసార్లు వేయడానికి 5.7 లీటర్లు. 10 లీటర్ల బకెట్ చవకనిపించినా 4+1+1 లీటర్ల డబ్బాలు తీసుకోండి. మెషిన్‌లో షేడ్ కలిపిన డబ్బాను సాధారణంగా షాపు వెనక్కి తీసుకోదు.

మిగిలిన ఎమల్షన్‌ను (నీళ్లతో కలిపే గోడ రంగు) పాత నైలాన్ గుడ్డలో వడకట్టి, చిన్న డబ్బాలో నిండుగా పోయండి. ఖాళీ ఎంత తగ్గితే పైన అంత తక్కువ పొర కడుతుంది. మూత కింద పాలిథిన్ కాగితం వేసి బిగించి, షేడ్ నంబరు, తేదీ రాయండి. కుళ్లు వాసన వస్తే బాక్టీరియా పట్టినట్టే, గోడకు వేయొద్దు. అలాంటిదానిలో రంపపు పొట్టు గానీ సిమెంటు గానీ కలిపి ముద్దలా చేసి, గాలి తగిలేచోట పూర్తిగా గట్టిపడ్డాకే పారేయాలి.

తలుపులకు, గ్రిల్స్‌కు వేసే నూనె రంగు ఎనామెల్‌ను ఎమల్షన్‌తో కలపకండి, విరిగిపోతుంది. బ్రష్‌లు కడిగిన టర్పెంటైన్‌ను గాజు సీసాలో రెండు మూడు రోజులు ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది, పైతేట మళ్లీ వాడుకోవచ్చు. ఎనామెల్ తుడిచిన గుడ్డలను కుప్పగా వేయకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పలో ఆ వేడి పోక తనంతట తానే అంటుకోగలదు. ఒక్కొక్కటిగా తీగ మీద ఆరేయండి.

పాత తలుపులు, గ్రిల్స్ గీకేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నియమం 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామెల్‌ను పొడిగా రుద్దకండి, తడి చేసి నీటి ఎమరీ కాగితంతో రుద్దండి. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, రాలిన పెచ్చులు మూటగట్టి ప్రమాదకర చెత్తలోనే వేయండి.

ఖాళీ రేకు డబ్బా లోపల ఆరిపోతే పాత ఇనుముకు పనికొస్తుంది. 20 లీటర్ల ప్లాస్టిక్ బకెట్ మొక్కలకు, సిమెంటు కలపడానికి బాగుంటుంది. ఎంత కడిగినా దాంట్లో తాగే నీళ్లు, బియ్యం, పిండి మాత్రం పోయకండి.