అడంగల్‌లో బీడు, నేల మీద అడవి

రైల్వే కోడూరు అవతల, శేషాచలం కొండల అంచున మా తాత నాటి పట్టా భూమి ఆరెకరాలు ఉంది. సగం బండలు, సగం వాలు. నాగలి దిగని నేల కాబట్టి ఎవరూ దున్నలేదు. నాన్న పోయాక పాసుపుస్తకాలు మా ముగ్గురి పేర్ల మీదికి మార్పించుకుంటున్నప్పుడు ఏ భూమిలో ఏముందో రాసే రెవెన్యూ రికార్డు అడంగల్‌ను మొదటిసారి శ్రద్ధగా చదివాను. ఆ సర్వే నంబరుకు ఎదురుగా 'బీడు' అని ఒక్క మాట ఉంది.

ఆ మాట చూసి నాకు నిజంగా బాధ కలిగింది. అక్కడ ఎర్రచందనం ఉంది, తెల్లకరక ఉంది, మొగి ఉంది, కొండసాంబ్రాణి ఉంది. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్లివి. పైవాలులో చూడటానికి ఈతచెట్టులా ఉండే సైకాస్ బెడ్డోమి మొక్కలు పదకొండు ఉన్నాయి. సైటిస్ అని, అరుదైన జీవుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒక ఒప్పందం ఉంది. అంతర్జాతీయ వ్యాపారాన్ని అన్నిటికంటే కఠినంగా అడ్డుకునే దాని మొదటి అనుబంధంలో ఉన్న మొక్క అది. కాగితం మీద మాత్రం అంతా బీడే.

అదే సమయంలో పెద్దన్నయ్యకు ఒక బేరం వచ్చింది. పొదలు, రాళ్లు తీయించి చదును చేస్తే మామిడి తోటకు కౌలు ఇస్తామన్నారు. అన్నయ్యను తప్పు పట్టలేను, ఇద్దరు పిల్లల చదువుల ఖర్చు ఆయన మీద ఉంది. "నాకు ఒక్క ఏడాది గడువు ఇవ్వు అన్నయ్యా" అని అడిగాను. ఇచ్చాడు.

ఇలా సొంత భూమిలోని అడవిని కాపాడుకోవాలనుకునేవాళ్లు ముందు సర్వే చేయించుకోవాలని నా గట్టి అభిప్రాయం. మా పొలం పక్కనే రిజర్వు అడవి. హద్దు తేలకపోతే ఏ చెట్టు మనదో, ఏది ప్రభుత్వానిదో చెప్పలేం. గ్రామ సచివాలయంలో ఎఫ్-లైన్ అర్జీ, అంటే పొలం హద్దులు కొలిచి చూపమని అర్జీ పెట్టాను. రెండుసార్లు వాయిదా పడి, మూడోసారి సర్వేయరు, అటవీ సిబ్బంది కలిసి వచ్చారు. ఈశాన్యం మూల హద్దురాయి ఎంత వెతికినా దొరకలేదు. మేకలు కాసుకునే ఒక పెద్దాయన దూరం నుంచి చూసి, "అమ్మా, మీ తాత దానికి ఏటా సున్నం పూసేవాడు, ఆ పులికంప కింద చూడండి" అన్నాడు. కంప తొలగిస్తే రాయి బయటపడింది. నాచు గీకితే వేలికి తెల్లటి పొడి అంటింది.

తర్వాత చెట్ల లెక్క. మూడు ఆదివారాలు పట్టింది. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున, రొమ్ము ఎత్తు అంటారు, దర్జీ టేపుతో చుట్టుకొలతలు తీశాను. ఎర్రచందనాలు 64 తేలాయి. వాటి బెరడు మొసలి వీపులా నల్లగా, పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. అన్నిటికంటే పెద్దదాని చుట్టుకొలత 112 సెంటీమీటర్లు. మానుల మీద నంబర్లు వేద్దామని రంగు డబ్బా తీసుకెళ్తే ఆ పెద్దాయనే ఆపాడు. "నంబరు వేస్తే దొంగకు మనమే లెక్క చెప్పినట్టమ్మా" అన్నాడు. ఆ మాటతో పని తీరే మారిపోయింది. ఈ చెట్లు ఉన్నాయని కాగితంలో రాయించాలి, ఎక్కడున్నాయో మాత్రం దాచాలి. రెండూ ఒకేసారి జరగాలి.

జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం ప్రతి పంచాయతీకీ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. మా ఊరి రిజిస్టరులో వేప, చింత, రావి మాత్రమే కనిపించాయి. కమిటీ సమావేశంలో నా జాబితా చదివి వినిపించాను. సర్వే నంబరు కూడా రాస్తామన్నారు, నేను ఒప్పుకోలేదు. గంటసేపు వాదన జరిగింది. చివరికి జాతుల పేర్లు, ఊరివాళ్లకు తెలిసిన వాడకం రిజిస్టరులోకి వెళ్లాయి. స్థలం వివరాల కాగితం విడిగా సీలు వేసిన కవరులో ఉంచారు.

అసలు కష్టం ఇంట్లో వచ్చింది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 36సి సెక్షను ఉంది. యజమాని స్వచ్ఛందంగా ముందుకు వస్తే ప్రైవేటు భూమిని కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించవచ్చు. భూమి మనదే. యాజమాన్య కమిటీలో యజమాని, అటవీ శాఖ ప్రతినిధి, పంచాయతీ ప్రతినిధి ఉంటారు. అయితే ఒకసారి ప్రకటించాక కమిటీ తీర్మానం, ప్రభుత్వ ఆమోదం లేకుండా ఆ భూమి వాడకం మార్చకూడదు. చిన్నన్నయ్య సరేనన్నాడు. పెద్దన్నయ్య మాత్రం "రేపు అవసరం వస్తే?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. నా దగ్గర జవాబు లేదు.

ఒక రాత్రి టార్చికి ఎర్ర కాగితం చుట్టి ఆయనను తీసుకెళ్లాను. బలుసు పొదలో రెండు పెద్ద కళ్లు మెరిశాయి. దేవాంగపిల్లి. పేరుకే పిల్లి, ఇంగ్లీషులో స్లెండర్ లోరిస్ అంటారు. తోక లేదు, చేతులు పుల్లల్లా ఉన్నాయి. ఒక కొమ్మ వదిలి ఇంకో కొమ్మ పట్టుకోవడానికి నిమిషం తీసుకుంది. అన్నయ్య ఊపిరి బిగబట్టి చూశాడు. అయినా ఆ రాత్రితో ఆయన మనసు మారలేదు. బోరు వేసినా ఆ వాలులో నీళ్లు పడవని తేలాకే లెక్క మారింది. కింద ఇదివరకే చెట్లు లేని ఎకరంన్నర ఆయన నిమ్మతోటకు, మిగిలిన నాలుగున్నర ఎకరాలు అడవికి అని రాసుకుని ముగ్గురం సంతకాలు పెట్టాం. ఆ ఎకరంన్నరలో ఆరు ఎర్రచందనం పిలకలు ఉన్నాయి. వాటి మధ్య ఖాళీల్లోనే నిమ్మ పెట్టిస్తానని మాటిచ్చాడు.

కమ్యూనిటీ రిజర్వు అర్జీ ఇచ్చి రసీదు తెచ్చుకున్నాను. ఫైలు ఇంకా పైకి వెళ్తోంది. ఈలోగా జనవరిలో హద్దు వెంట మూడు మీటర్ల వెడల్పున ఎండుగడ్డి తీయించాం, వేసవిలో నిప్పు లోపలికి రాకుండా. మేకల పెద్దాయనకు రోజుకూలి ఇచ్చి కాపలా పెట్టాం.

సైకాస్‌లో మగ మొక్కలు వేరు, ఆడ మొక్కలు వేరు. ఈ ఏడు ఒక ఆడ మొక్క గింజ కట్టింది. తొమ్మిది గింజలు లెక్కపెట్టి అన్నయ్యకు ఫోనులో చెప్పాను. వారం తర్వాత ఆయనే ఫోను చేసి, తొమ్మిదీ ఉన్నాయా అని అడిగాడు.