పిక్క మీద కాటు

మొన్న దేవరకొండ బస్టాండు వెనక కుక్క మా చిన్నోడి పిక్క పట్టేసింది. సబ్బుతో 15 నిమిషాలు కడిగాను. సూది వేయించే దాకా ఒకటే టెన్షన్. ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పేదాన్ని, లోపల ఏం జరుగుతుందో తెలియడమే నా బాధ.

రేబిస్ వైరస్‌కు సొంత కాళ్లు లేవు. నరం కొసలో దూరి, డైనీన్ అనే మోటారు ప్రోటీన్ మీద ఎక్కుతుంది. అది కణం లోపల మైక్రోట్యూబ్యూల్ అనే సన్నని గొట్టాల పట్టాల మీద, అడుగుకు సుమారు 8 నానోమీటర్లు చొప్పున కణం నడిమికి నడుస్తుంది. నరకణం తన సామాను మోయడానికి పెట్టుకున్న హమాలీ అది, పిచ్చిది, దొంగ మూటనూ ఎత్తుకుంటుంది. పిక్క నుంచి మెదడు దూరం, అదొక్కటే ఊరట.

ఇంకా 3, 7, 28 రోజుల సూదులున్నాయి. "వాడు ఏడుస్తలేడు, నువ్వెందుకే ఏడుస్తున్నవ్?" అంది అత్తమ్మ.