క్యాప్‌కు దీర్ఘం ఉందా, లేదా?

ఆదివారం, రాత్రి

పొద్దున్నే అమ్మాయి ఇంగ్లీషు హోంవర్క్ తెచ్చి నా ముందు పెట్టింది. వరసగా బొమ్మలు, ఒక్కొక్కదాని కింద ఒక పదం. అందులోని అచ్చు పొట్టిదయితే ఎరుపు, పొడుగుదయితే నీలం రంగు వేయాలి. పడు, పాడు తేడా ఉగ్గుపాలతో వచ్చినవాడికి ఇదొక లెక్కా అనుకున్నాను. షిప్‌కు గుడి, షీప్‌కు గుడి దీర్ఘం. ఆ రెండూ ఇట్టే తేలిపోయాయి.

మూడోది క్యాప్. "దీర్ఘమే కదా, నీలం వెయ్యి" అన్నాను. తను పెన్సిల్ ఎత్తలేదు.

"కాదు నాన్నా, ఇది పొట్టి. కేప్ పొడుగు."

రెండూ దీర్ఘాలేనని కాసేపు గట్టిగానే వాదించాను. నిఘంటువు కూడా దాని పక్షానే ఉంది.

తర్వాత ఏ పనిలో ఉన్నా ధ్యాస అక్కడే. మన హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు. దాదాపు అదే ధ్వని, పలికే కాలం పెరుగుతుంది. ఇంగ్లీషు పిల్లల పాఠంలో పొడుగు అచ్చు అంటే ఆ అక్షరం పేరు వినిపించడం. అందుకే కేప్, కైట్, హోప్ పొడుగు. హాప్‌ను మనం దీర్ఘంతో రాసుకున్నా వాళ్లకది పొట్టిదే. ఒకప్పుడు పొట్టి, పొడుగు అనే ఈ పేర్లు నిజంగా నిడివికి సంబంధించినవేనట. సుమారు 1400 నుంచి 1700 లోపు ఇంగ్లీషు దీర్ఘాచ్చులు ఒకదాని తర్వాత ఒకటి చోటు మారాయి. టైమ్‌ను అంతకుముందు దాదాపు 'టీమ' అనేవారు. పలుకు మారిపోయింది, రాత చాలావరకు పాతదే మిగిలింది. తప్పంతా నాది కాదన్నమాట!

షిప్, షీప్ మాత్రం నాకు తెలుసనుకున్నాను. అదీ సగమే. షిప్ అనేటప్పుడు నాలుక కాస్త కిందికి దిగి వదులవుతుంది. షీప్‌కు బిగుసుకుని పైకి లేస్తుంది. అద్దం ముందు నిలబడి పలికి చూసుకున్నాను (తలుపు వేసుకునే). మన 'ఈ'ని కురచ చేసినంత మాత్రాన షిప్ రాదు. ఇంకా విచిత్రం, బిడ్‌లోని పొట్టి అచ్చు బీట్‌లోని పొడుగు అచ్చుకు ఇంచుమించు దీటుగా సాగుతుంది. చివర 'డ' ఉంటే ముందున్న అచ్చు సాగుతుంది, 'ట' ఉంటే కుదించుకుపోతుంది. మాత్రలు లెక్కపెట్టి లాభం లేదు.

సాయంత్రం అమ్మాయి మళ్లీ వచ్చింది. "చివర పలకని 'ఈ' (e) అక్షరం ఉంటే పొడుగు అన్నారుగా, మరి గివ్ ఎందుకు గైవ్ కాలేదు?" ఇంగ్లీషు పదాన్ని 'వి' అక్షరంతో ముగించడానికి ఇష్టపడరని, ఆ 'ఈ' ఊరికే కాపలాకు నిలబడిందని చెప్పాను. ఎరుపు వేసింది.

"హైవ్‌కు?"

"నీలం" అన్నాను, ఈసారి నిఘంటువు చూశాకే.