పద్దెనిమిదో నంబరు బస్సు, నందన కరువు

2019 ఏప్రిల్‌లో అమ్మాయి పురిటికని లండన్ వెళ్లాను. సూట్‌కేసులో ఒక పక్క వాము, శొంఠి, పసిబిడ్డకి పనికొచ్చే పాత నేత చీరలు. ఇంకో పక్క మూడేళ్లుగా రాస్తూ ఆపేస్తూ వస్తున్న నవల. "పురిటికి వెళ్తున్నావా, నవలకి వెళ్తున్నావా?" అని మావారు అడిగారు. నేను సూట్‌కేసు జిప్పు లాగే పనిలో ఉన్నట్టు ఊరుకున్నాను.

నవల నందన కరువు గురించి. నందన నామ సంవత్సరం అంటే 1832-33. గుంటూరు జిల్లాలో ఐదు లక్షల జనాభా ఉంటే లక్షన్నర నుంచి రెండు లక్షల మంది దాకా పోయారని చెబుతారు. చిన్నప్పుడు మేం కంచంలో అన్నం వదిలేస్తే "డొక్కల కరువు వస్తేగానీ తెలీదు మీకు" అని నాయనమ్మ తిట్టేది. అదీ ఇదీ ఒకటే కరువని నాకు పెద్దయ్యాక తెలిసింది. నా నవల్లో కథానాయకుడు ఒక రైతు. రెండు అధ్యాయాలు రాసేసరికి అతను నాకే నచ్చడం మానేశాడు. మంచివాడు, కష్టజీవి, అన్నీ పోగొట్టుకుంటాడు. అలాంటివాణ్ణి తెలుగు పాఠకులు ఇప్పటికే ఎంతమందిని చూశారో!

మనవరాలు పుట్టిన నలభై రోజులూ పుస్తకం మొహం చూడలేదు. ఆ తర్వాత అల్లుడు, "అత్తయ్యగారూ, మంగళవారం నాకు ఇంటి నుంచే పని, శనివారం సెలవు. ఆ రెండు రోజులూ మీవి" అన్నాడు. అంతకంటే పెద్ద బహుమతి నాకు ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు.

ఈస్టిండియా కంపెనీ, ఇండియా ఆఫీసుల రికార్డులన్నీ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అరలన్నీ వరసగా పేరిస్తే 14 కిలోమీటర్లట. చూడాలంటే రీడర్ పాస్ తీసుకోవాలి. దానికి అప్పట్లో సంతకం చూపించే కాగితం ఒకటి, ఇంటి చిరునామా చూపించేది ఇంకొకటి కావాల్సి వచ్చింది. నేను పాస్‌పోర్టు ఒక్కటే పట్టుకుని బయల్దేరాను. ముందే చదువుకుని వెళ్లాల్సింది, చదవలేదు. పొద్దున్నంతా అలా పోయింది. తర్వాతి శనివారం బ్యాంకు స్టేట్‌మెంటు కూడా తీసుకెళ్లాను. కౌంటర్ దగ్గర అమ్మాయి దేని గురించి పరిశోధన అని అడిగింది. "నవల" అన్నాను కాస్త సిగ్గుగా. ఆవిడకి అదేం వింతగా అనిపించలేదు. ఫొటో తీసి కార్డు చేతికిచ్చింది.

చదువుకునే గదిలోకి పెన్ను తీసుకెళ్లకూడదు. బ్యాగు లాకర్లో పెట్టి, నోటుబుక్కూ పెన్సిలూ లోపలున్నవి కనిపించే ప్లాస్టిక్ సంచిలో వేసుకుని వెళ్లాలి. హైస్కూలు దాటాక నేను పెన్సిల్‌తో తెలుగు రాసిందే లేదు. పది లైన్లకే మొన అరిగిపోతుంది, తలకట్లు దుబ్బుగా వస్తాయి, ఒత్తులన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. సాయంత్రం ఇంటికొచ్చి చదువుకుంటే 'క్ష'కీ 'క్త'కీ తేడా తెలిసేది కాదు.

మూడో అంతస్తులో ఆసియా, ఆఫ్రికా రీడింగ్ రూమ్. కాగితాలు తెప్పించమని అడిగాక డెబ్భై నిమిషాలు ఆగాల్సి వచ్చింది. తర్వాత వెడల్పాటి బైండు పుస్తకం ఒకటి వచ్చింది. దాన్ని స్పాంజి దిండు మీద పెట్టి, బరువుకి చిన్న గుండ్లు పోసి కుట్టిన గుడ్డ తాడు ఒకటి పేజీ లేవకుండా మీద వేశాను. సిరా గోధుమరంగుకి తిరిగింది. దస్తూరీ బాగుంది, అయినా చదవడం రాదు. ఒక మాట మాత్రం పేజీ పేజీకీ వస్తోంది. డిస్ట్రెఫ్స్. ఇదేదో ఊరనుకున్నాను. దొరలు మన ఊళ్ల పేర్లు ఎలాగూ పాడుచేస్తారు కాబట్టి, ఏ ఊరు ఇలా తయారైందా అని గంటసేపు ఆలోచించాను. తీరా చూస్తే అది డిస్ట్రెస్. ఆ కాలంలో జంట ఎస్‌లు రాసేటప్పుడు మొదటిదాన్ని పొడుగ్గా కిందికి లాగి ఎఫ్‌లా రాసేవాళ్లు.

డిస్ట్రెస్ అంటే ఇబ్బంది ఉంది, స్కేర్సిటీ అంటే కొరత ఉంది. ఫామిన్, అంటే కరువు, అన్న మాట కోసమే వెతుక్కోవాల్సి వచ్చింది. కరువు రోజుల్లో గుంటూరులో పనిచేసిన సి.పి. బ్రౌన్ తన రిపోర్టుల్లో ఫామిన్ అని సూటిగా రాస్తే పైవాళ్లకి నచ్చలేదని ఎక్కడో చదివాను. చదివినప్పుడు అది ఒక సంగతి, అంతే. ఆ కాగితం ముందు కూర్చున్నాక ఇంకోటి తోచింది. రాసింది దొరే కావచ్చు, కానీ దాని నకళ్లు తీసిందెవరు? కంపెనీ కచేరీలో రాతపని చేసే ఎవరో రాయసకాడు. ఇంట్లో గాదె అడుగు కనిపిస్తుంటే, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అందమైన దస్తూరీతో 'ధాన్యం ఎద్దడి' అని రాసుకుంటూ కూర్చున్నవాడు. నా రైతు ఆరోజే నవల్లోంచి వెళ్లిపోయాడు.

ఇక రాయడం మొదలైందనుకునేరు. లేదు. ఇంకా చదవడమే. ధరలు రాసుకున్నాను, తేదీలు రాసుకున్నాను, తాలూకాలు రాసుకున్నాను. రెండు నోటుబుక్కులు నిండాయి. పని చేశానన్న తృప్తితో ఇంటికి వచ్చేదాన్ని, నవల మాత్రం ఒక్క వాక్యం కదిలేది కాదు. నవల రాసేవాళ్లకి ఆర్కైవ్ అంత తియ్యటి బద్ధకం ఇంకోటి ఉండదు.

లైబ్రరీకి వెళ్లేటప్పుడు అమ్మాయి ఇంటి దగ్గరి వెంబ్లీ పార్క్ నుంచి రైలు. వచ్చేటప్పుడు లైబ్రరీకి దగ్గర్లోని యూస్టన్‌లో 18వ నంబరు డబుల్ డెక్కర్, పైన ఎడమ పక్క కిటికీ సీటు. అప్పట్లో ఒకటిన్నర పౌండ్‌కి గంటకి పైగా ఊరు చూపించేది. నా సైట్‌సీయింగ్ చాలావరకు అదే. హారో రోడ్డులో కొంతదూరం ఎడమవైపు ఒక పెద్ద గోడ, దాని వెనక చెట్లు, రాతి దేవదూతల రెక్కలు. ఏదో పాత శ్మశానం అనుకుని మూడు వారాలు దాటుకుంటూ పోయాను. నాలుగో వారం ట్రాఫిక్‌లో బస్సు సరిగ్గా గేటు ముందు ఆగితే బోర్డు చదివాను. కెన్సల్ గ్రీన్. బ్రౌన్ సమాధి ఉన్నది అక్కడే! ఆ పేరు నా నోటుబుక్కు మొదటి పేజీలోనే ఉంది.

వెంటనే దిగలేదు. పాలపొడి డబ్బా నా చేతిలో ఉంది, ఇంటి దగ్గర పిల్ల ఏడుస్తోంది.

ఈలోగా అమ్మాయి, నేనూ, బండిలో పిల్లా ఒకరోజు బ్రిటిష్ మ్యూజియానికి వెళ్లాం. జనమంతా ఈజిప్టు మమ్మీల వైపు పోతుంటే మేం 33ఏ గదికి వెళ్లాం. అద్దాల వెనక అమరావతి స్తూపం శిల్పాలు. పలనాటి సున్నపురాయి, కొంచెం ఆకుపచ్చ కలిసిన తెలుపు. స్తూపం మీది పలక మీద ఆ స్తూపాన్నే మళ్లీ చెక్కారు. వంగి మొక్కుతున్న ఆడవాళ్ల వీపుల మీద వెన్నెముక గాడి దాకా కనిపిస్తోంది. మా ఇంటి నుంచి అమరావతి ముప్ఫై కిలోమీటర్లు ఉంటుందేమో, వీటిని చూడటానికి ఇంతదూరం రావాల్సి వచ్చింది. కోపం రావాలి కదా, వచ్చింది. దానికంటే ముందు ఆ స్త్రీల కాళ్ల కడియాలు లెక్కపెట్టాను. "అమ్మా, నువ్వు నోట్సు రాయకుండా చూస్తున్నావు, ఒంట్లో బాగుందా?" అంది అమ్మాయి.

జూలై చివర్లో పిల్లకి జ్వరం వచ్చింది. రెండు వారాలు లైబ్రరీ బంద్. రాత్రి మూడింటికి పాలు పట్టి, భుజాన వేసుకుని తిప్పి, పడుకోబెట్టాక నాకు నిద్ర పట్టేది కాదు. వంటింటి బల్ల మీద లైటు వేసుకుని కూర్చున్నాను. నోట్సు పుస్తకాలు పిల్ల గదిలో ఉండిపోయాయి. తలుపు తీస్తే కిర్రుమంటుంది. అందుకని అవేవీ లేకుండానే రాశాను. రాయసకాడికి పేరు దొరికింది, భార్య దొరికింది, అత్తగారు దొరికింది. పద్నాలుగు రోజుల్లో నలభై పేజీలు వచ్చాయి. తర్వాత నోట్సుతో సరిచూస్తే తప్పులు ఐదో ఆరో ఉన్నాయి, అంతే.

ఆగస్టులో ఒక మంగళవారం లైబ్రరీ మానేసి హారో రోడ్డులో దిగాను. థాకరే, ట్రోలోప్, విల్కీ కాలిన్స్ అందరూ ఉన్నారక్కడ. ఇంగ్లీషు ఎమ్మే చదివినదాన్ని, ఒక్కరినీ వెతకలేదు. బ్రౌన్ సమాధి ఇక్కడి తెలుగువాళ్లు బాగుచేయించినది, ఫొటో నా ఫోన్లో ఉంది. అయినా గడ్డిలో ముప్పావుగంట తిరిగాను. 1884 డిసెంబరులో పోయాడు. ఆ శ్మశానం తెరిచింది మాత్రం 1833లో. గేటు దగ్గర ఆ సంవత్సరం చదివి కాసేపు నిలబడ్డాను. ఇక్కడ ఎకరాలకొద్దీ సమాధులకి చోటు కొలుస్తున్న ఏడాదే అక్కడ గుంటూరులో పాతిపెట్టేవాళ్లు కూడా మిగల్లేదు. ఇది నవల్లో పెడితే మరీ అమర్చినట్టు ఉంటుంది. పెట్టలేదు.

సెప్టెంబరులో తిరుగు ప్రయాణానికి ముందురోజు అందరం 18 ఎక్కాం. గోడ రాగానే అమ్మాయికి చూపించాను. "రెండేళ్ల నుంచి ఇటే వెళ్తున్నానమ్మా" అంది కిటికీలోంచి తొంగి చూస్తూ. తర్వాత, "ఇంతకీ నవల ఎంతదాకా వచ్చింది?"

"గంజి కేంద్రం దాకా."

"అంటే?"

"గాడిపొయ్యి మీద గంజి కాగుతోంది. ఇంకా ఎవరికీ పొయ్యలేదు."